నాలుగాకులకి చోటు

పొగమంచే అది, మబ్బయితే విమానం ఇంతసేపు పైన తిరగక్కర్లేదు, చీల్చుకుని దిగిపోయేది, ఇది నేలని పట్టుకుని వదలని మంచు, షార్జా ఊరంతా దాని కింద పడిపోయి పెద్ద మేడల నెత్తులు మాత్రం అక్కడక్కడా పైకి తేలాయి, ఆ తెలుపు మీద తూర్పు ఎండ తగిలి కిటికీలోంచి చూస్తే కళ్ళు నిలవలేదు, అరగంట తిప్పి తిప్పి దింపాడు, దిగాక కూడా ఏసుబాబు అద్దాల బయట ఆ తెల్లదనాన్నే చూస్తున్నాడు, ఎందుకంటే ముందుకి చూస్తే సంచుల్ని మింగే మిషను కనపడుతోంది, మిషను అవతల కస్టమ్స్ వాళ్ళు కనపడుతున్నారు, వరసలో తనకి ముందు పదకొండు మంది, ఇప్పుడు పదిమంది, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితం, కాగితం మీద తన పేరు, పాస్‌పోర్టు నంబరు, నరాల నొప్పి బిళ్ళల పేరు, ముప్ఫై రోజులకి అరవై బిళ్ళలు తెచ్చుకోవచ్చని ఇక్కడి ఆరోగ్యశాఖ ఇచ్చిన అనుమతి, ఆ బిళ్ళలు ఊరికే తెస్తే జైలు, ఈ కాగితంతో తెస్తే మందు, బిళ్ళలు చేతిసంచిలో పైనే ఉన్నాయి, వాటి గురించి బెంగ లేదు, బెంగంతా పెద్ద పెట్టెలో లుంగీల మధ్య ఉన్న, గదిలో పక్క మంచం ప్రసాద్‌కి వాళ్ళమ్మ పంపిన డబ్బా గురించి, అది శుభ్రంగానే ఉంది, తనే ఒక్కో సున్నుండా చేత్తో తిప్పి చూశాడు, అయినా ఒక్క ఆకు ముక్క, గోటంత ముక్క, ఏ ఉండకైనా అంటుకుని ఉండిపోతే.

ఎడమ కాలు మొదలెట్టింది, తుంటి దగ్గర పుట్టి మడమ దాకా ఉప్పు రాసుకుంటూ దిగినట్టు మంట, మూడేళ్ళ క్రితం కాకినాడలో నడుముకి ఆపరేషనయ్యాక కోత మానింది గాని ఈ మంట మానలేదు, కల్బాలో సిమెంటు ఇటుకల యార్డులో లారీలకి లోడు ఎక్కించే దగ్గర రోజంతా నిలబడే పని, నొప్పి అని నోరెత్తితే ముదీర్, అదే మేనేజరు, చెవిన పడుతుంది, పడితే వచ్చే ఏడు వీసా ఉండదు, అందుకని పళ్ళు బిగించి నిలబడ్డమే, మాట్లాడే అలవాటు ముందే తక్కువ, నొప్పి వచ్చాక ఆ కాస్తా పోయింది, అలాంటిది ఐడీ కార్డు పనిమీద సర్కారు అర్జీలు నింపిపెట్టే టైపింగ్ సెంటరుకి వెళ్ళి కుర్చీ ఉన్నా కూర్చోకుండా గోడకి ఆనుకుని ఒంటికాలి మీద బరువేసి నిలబడితే, కంప్యూటరు ముందున్న నాజ్నీన్, హైదరాబాదావిడ, కళ్ళద్దాల పైనుంచి చూసి, భాయ్, మీకు నొప్పి ఎక్కడ, అని అడిగింది, ఎక్కడ అని, అలా అడిగితే చెప్పక తప్పలేదు, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అని చూపించాడు, ఎప్పట్నుంచి, ఏం మింగుతున్నారు, లీవుకి పోయి వచ్చేటప్పుడు ఆ గోలీలు తెస్తారా, తెస్తానండి, కాగితం ఉందా, డాక్టరు చీటీ ఉందండి, చీటీ కాదు భాయ్, ఇక్కడి సర్కారు కాగితం, అది లేకుండా తెచ్చి మా గల్లీల ఒకాయన నాలుగు నెలలు లోపలున్నాడు, ఆయన దొంగ కాదు, నడుం నొప్పోడు, అంది, అని ఓ తెల్లకాగితం తీసి రాసిచ్చింది, కొత్త తేదీ వేసిన డాక్టరు చీటీ, జబ్బు పేరుతో రిపోర్టు, దాని మీద సంతకం, ముద్ర, పాస్‌పోర్టు, ఐడీ కార్డు, అన్నీ ఫొటోలు తీసి పంపండి, అర్జీ నేను పెడతా, మీ దుబాయ్ సిమ్ముకి రోమింగ్ మాత్రం వేయించుకోండి, ఓటీపీ నంబరొస్తది, ఆ నంబరు నాకు చెప్పకపోతే నేను పెట్టిన అర్జీ అక్కడే నిలబడి చూస్తది, మీ లెక్క, అంది, అప్పుడు నవ్వొచ్చింది, చాన్నాళ్ళకి.

ఆ అర్జీ ఒక్కసారికి అవలేదు, కాకినాడ డాక్టరు గారు అందరికీ రాసినట్టే వాడుతూ ఉండవలెను అని రాశారు, ఎన్నాళ్ళు వాడాలో రాయలేదని ఇక్కడివాళ్ళు వెనక్కి పంపారు, మళ్ళీ బస్సెక్కి వెళ్తే ఆయన విసుక్కోకుండా కూర్చుని రోజుకి రెండు, ముప్ఫై రోజులు, అని టైపు చేయించి ముద్ర గట్టిగా నొక్కి ఇచ్చారు, అర్జీ తనదేనని ఫోనులో మొహం చూపించాలంటే పెరట్లో వెలుగులోకి వెళ్ళి నిలబడ్డాడు, భార్య నాగదుర్గ ఫోను పట్టుకుని, కళ్ళు మూయకండి, కాస్త మనిషిలా చూడండి, అంటుంటే మూడోసారికి ఒప్పుకుంది ఆ ఫోను, పదో రోజున కాగితం వచ్చింది, వచ్చిన సంగతి ఆవిడ కుళాయి దగ్గర ఎవరితోనో అంది, సాయంత్రానికి పేటంతా పాకిపోయింది, ఏసుబాబుకి దుబాయ్ గవర్నమెంటు మందుల పర్మిషనిచ్చిందంట, ఇక చూడు, మామూలుగా గల్ఫుకి వెళ్ళేవాడి ఇంటికి ఆఖరి మూడు రోజులూ పొట్లాలొస్తాయి, పచ్చళ్ళు, ఎండు రొయ్యలు, పూతరేకులు, పైన పేరు రాసి ఇస్తారు, తీసుకెళ్ళి ఎవరిది వాళ్ళకి ఇవ్వాలి, అది అందరికీ అందరూ చేసేదే, ఈసారి వచ్చినవన్నీ మందులు, దగ్గు మందు, మోకాళ్ళ నూనె, ఎవరి బావమరిదికో నిద్ర బిళ్ళలు, ఆర్‌ఎంపీ డాక్టరయితే వచ్చి కాగితాన్ని చేత్తో తడిమి, మన జిల్లాలో ఇలాంటిది ఇదే మొదటిది అయ్యుంటుందండి, అని కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

అన్నిటినీ వద్దన్నాడు, తనకి వచ్చిన రెండు ముక్కల్లోనే, కుదరదండి, అన్నాడు, చిట్టెమ్మత్త తెచ్చిన డబ్బాని మాత్రం అనలేకపోయాడు, ఎందుకంటే అది మందు కాదు, సున్నుండలు, ప్రసాద్ కోసం, ప్రసాద్ ఆవిడ కొడుకు, యార్డులో తనతోనే, గదిలో పక్క మంచం, బావా అని పిలుస్తాడు, వాళ్ళమ్మ ఇచ్చిన తీపి వద్దంటే ఇక మనిషేంటి, తీసుకున్నాడు, బయల్దేరే ముందురోజు నాజ్నీన్ వాయిస్ మెసేజ్ పెట్టింది, భాయ్, ఎవరేమిచ్చినా విప్పి చూడండి, శరం పడకండి, అంది, ఒకళ్ళ పొట్లం ఇంకొకళ్ళు విప్పడమనేది పేటలో లేదు, విప్పితే ఆ ఇచ్చిన మనిషిని మొహం మీద నమ్మనన్నట్టే, ఆ సాయంత్రం డబ్బాని మంచం మీద పెట్టుకుని ఎంతసేపు చూశాడో, చివరికి తాడు ముడి విప్పాడు, రెండు వరసల ఉండల కింద కాగితం పొట్లం, లోపల ఎండిన ఆకు, గింజలు, వాసన రాగానే తెలిసిపోయింది, గంజాయి, పొట్లం లుంగీలో చుట్టుకుని చిట్టెమ్మత్త పొయ్యి దగ్గరికి వెళ్ళి ముందు పెట్టాడు, ఆవిడ దాన్ని చూడలేదు, తననే చూసింది, విప్పావా అల్లుడూ, దుబాయ్ వెళ్ళి ఇది నేర్చుకున్నావా, అంది, ఏంటత్తా ఇది అంటే, సంతలో కొండవాడిచ్చాడు, పాలల్లో మరిగించి తాగితే నడుం దిగుతాదంట, ఆడు ఇటికలు మోసీ మోసీ నడుం పోయింది, నీకు కాగితం ఉందన్నారుగా, ఆ కాగితం మీదే ఇదీ ఎల్లిపోద్దనుకున్నాను, అంది, నా కాగితం మీద నా బిళ్ళలే రాశారత్తా, అన్నాడు, అంత పెద్ద కాగితంలో నాలుగాకులకి చోటుండదా, అంది ఆవిడ, వెటకారం కాదు, నిజంగానే అడిగింది, పట్టుకుంటే ఏళ్ళకేళ్ళు జైలు, నాకూ ఆడికీనీ, అని మాత్రం అన్నాడు, ఆవిడ పొట్లాన్ని పొయ్యిలోకి తోసి, కొంగుతో ముక్కు మూసుకుని, చేతులు కడుక్కుని, ఆడికి చెప్పకు, అంది.

ముందు ముగ్గురు, ఇద్దరు, ఒక్కడు, పెట్టె మిషనులోకి వెళ్ళింది, అవతల చేతికి తొడుగులేసుకున్న ఆడ ఆఫీసరు పక్కకి రమ్మంది, చేతిసంచి తెరిచింది, బిళ్ళలు, కాగితం అందించాడు, ఆవిడ కాగితం చదివింది, పాస్‌పోర్టుతో పోల్చింది, షీట్లు ఒక్కొక్కటే ఎంచింది, ఆరు, సరిపోయాయి, తర్వాత పెట్టె, లుంగీలు, డబ్బా, తాడు విప్పింది, ఒక ఉండ తీసి రెండుగా విరిచి వాసన చూసింది, ఇంకోటి విరిచింది, ప్రభువా, ఒక్క ముక్క, అడుగున వేలితో గీసి చూసింది, ఆ వేలి తొడుక్కి మినప్పిండే అంటింది, తెల్లగా, దాన్ని ఏసుబాబు జీవితాంతం మర్చిపోడు, ఆవిడ మూత పెట్టి, నడుం వైపు చూపించి, దర్ద్, అని హిందీలో అడిగింది, బహుత్, అన్నాడు, కాగితం మడతమీదే మడిచి తిరిగి చేతిలో పెట్టి, ఖలాస్, యల్లా, అయిపోయింది ఇక వెళ్ళు అన్నట్టు అంది, ఆ పెట్టెని ఎలా మూశాడో, ఎటు నడిచాడో, ఆవిడకి షుక్రియా అన్నాడో లేదో, అనలేదేమో.

బయట మంచు విడిపోతోంది, ప్రసాద్ యార్డు పికప్పు తెచ్చాడు, నాగదుర్గక్క బాగుందా బావా, అమ్మెలా ఉంది, అని పెట్టె లాక్కుని వెనక వేశాడు, వేసేటప్పుడు ఓ చెయ్యి నడుం మీదికి పోవడం ఏసుబాబు చూశాడు, కొండల్లోంచి కల్బా రోడ్డు, గోధుమరంగు కొండలు, సొరంగం, మళ్ళీ కొండలు, గుండె మెల్లగా చోటికి వస్తుంటే ఒకటే అనిపించింది, ఎంతమంది చేతుల మీదుగా వచ్చాను ఇక్కడిదాకా, అడిగిన నాజ్నీన్, రెండోసారి కూర్చుని టైపు చేయించిన డాక్టరు గారు, ఫోను పట్టుకున్న నాగదుర్గ, పొయ్యిలో వేసిన చిట్టెమ్మత్త, కాగితం మడతమీదే మడిచిన ఆ ఆఫీసరమ్మ, ఒక్కళ్ళకీ నోరారా ఒక్క మాటన్లేదు తను, నాజ్నీన్‌కి దిగాను అని మెసేజ్ పెడితే, మాషా అల్లా, పోయి పండుకోండి, అని వచ్చింది, చదివి ఫోను జేబులో పెట్టుకుంటే కళ్ళు తడిశాయి, ప్రసాద్ చూశాడేమోనని కిటికీ వైపు తిరిగాడు.

గదిలో ప్రసాద్ పొద్దున్నే వండిపెట్టాడు, అన్నం, వంజరం చేప పులుసు, ఇద్దరికీ కంచాలు పెట్టి, అమ్మిచ్చిందేది బావా అని డబ్బా తీసుకున్నాడు, మూత తీశాడు, విరిగిన ఉండలు చూసి ఏమీ అడగలేదు, ఒక్కటీ నోట్లో వేసుకోలేదు, ఉండల కింద వేళ్ళు పోనిచ్చాడు, అటు, ఇటు, మూల మూలకీ, ఏసుబాబు ఆ వేళ్ళనే చూస్తున్నాడు, వెతుకుతున్నాడు వీడు, అంటే వీడికి తెలుసు, మీ అమ్మ పొయ్యిలో వేసేసింది, అన్నాడు, ప్రసాద్ చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది, తల ఎత్తకుండా, అమ్మది కాదు బావా, నేనే పెట్టమన్నాను, నీకు కాగితం ఉంది కదాని, రాత్రులు పడుకోలేపోతన్నాను, అన్నాడు, ఏసుబాబు చెవుల్లోకి రక్తం కొట్టింది, ఆ వరసలో ఆ అరగంట, ఆ తొడుగుల చెయ్యి, నా మెడ పణంగా పెట్టావురా నువ్వు, పెళ్ళాం పిల్లలున్న నా మెడ, అని నోటిదాకా వచ్చింది, వచ్చి అక్కడే నిలిచిపోయింది, ఎందుకంటే వీడు సాక్సు విప్పడం గుర్తొచ్చింది, ఇదే గదిలో, ఇదే మంచం మీద, రెండేళ్ళ క్రితం వీడు లీవునుంచి వచ్చిన రోజు, కాలిమంటతో తను గోడవైపు తిరిగి పడుకుని ఉంటే పెట్టెలోంచి సాక్సు తీసి అందులోంచి షీట్లు తీసి, ఇదిగో బావా నీ బిళ్ళలు, అన్నాడు, వీడి చేత పంపమని నాగదుర్గకి తనే చెప్పాడు, కాగితం లేదు, అలాంటిది ఉంటుందనే ఇద్దరికీ తెలియదు, ఎయిర్‌పోర్టులో నన్ను పక్కన నిలబెట్టేశారు బావా, గంటసేపు, పెట్టె సగం తీశారు, ఈలోగా ఇంకెవడి పెట్టె మీదో అరుపులైతే నన్ను పొమ్మన్నారు, అని నవ్వుతూ చెప్పాడు, నవ్వుతూనే, తను ఇటు తిరగను కూడా తిరగలేదు, ఎన్ని షీట్లు తెచ్చావు, అని అడిగాడు, అంతే అడిగాడు, మింగి పడుకున్నాడు, ఆ గంట ఎలాంటిదో ఇవాళ నిలబడేదాకా తెలియలేదు, వీడు తన కోసం ఆ గంట నిలబడ్డాడు, దారంతా ఇంతమందిని తల్చుకున్నాడు గాని వీణ్ణి తల్చుకోలేదు.

నొప్పి ఎక్కడరా, అని అడిగాడు, ప్రసాద్ అర్థం కానట్టు చూసి, తర్వాత వంగి నడుం కింద వేలు పెట్టి చూపించాడు, రేపు సెలవు అడుగు, ముందు డాక్టరు, తర్వాత నాజ్నీన్ గారు చూసుకుంటారు, నేనొస్తాను, అన్నాడు, ముదీర్ ఏమంటాడో బావా, అంటే, నేనొస్తానన్నానుగా, అన్నాడు, ఇంకో మాట కూడా చెప్పాలని ఉంది, రెండేళ్ళ క్రితం ఆ గంట మాట, గాని తను ఇలాంటివి చెప్పే మనిషి కాదు, గిన్నె దగ్గరికి లాక్కుని పులుసులో గరిటె పెట్టి, నడిమి ముక్క ఏదో చూసి తీసి ప్రసాద్ కంచంలో వేశాడు, ప్రసాద్ వద్దనలేదు, ఇద్దరూ కింద కూర్చుని, ముళ్ళు తీసి పక్కన పెట్టుకుంటూ తిన్నారు.