వంగిన మోచేయి

ఆ బుధవారం సుధాకర్ చేయాల్సిన పనులు ఇవి: కరీంనగర్ తాలీంఖానల, అంటె కసరత్ నేర్పే కాడ, ఎర్రమన్ను తవ్వి, నీళ్లు చల్లి మెత్తగ చేయాలె. మణికట్లు తిప్పి ఒళ్లు కాక చేసుకోవాలె. ఉస్తాదుకు చక్కెర లేని చాయ్ తేవాలె. పది అంకెలు తేలాలె. నిర్మల్ బడి కాగితం మీద ఉస్తాదు సంతకం పెట్టించుకోవాలె. పదకొండు గంటల బస్సెక్కాలె.

అన్నీ అయినయ్, తేలుడు ఒక్కటి తప్ప.

తేలుడంటే తాలీంఖాన మాట. జానెడెత్తు కట్టెపిడులు రెండు పట్టుకొని, భుజాలు ముందుకు వంచి, కాళ్లు గాలిల సాపి, ఒళ్లంత నేలకు పలకలెక్క అడ్డంగ నిలుపుడు. బయటోళ్లు ప్లాంచ్ అంటరు. నడుము పైకెత్తినా, మోచేయి రవ్వంత వంచినా పాణం సుఖపడతది. కాని అప్పుడది తేలుడు కాదు. సుధాకర్ ఎనిమిది నెలల సంది దాని మీదనే ఉన్నడు. మొదలు మోకాళ్లు రొమ్ముకు ముడిచి, తర్వాత ఒక్క కాలు సాపి, ఆఖరుకు రెండు కాళ్లు. ఆరు అంకెల దాంక మంచిగనే ఉండేది. ఏడుకు ఎడమ మోచేయి వంగేది.

"బాయిల నీళ్లు చేదుతున్నవారా?" అని నవ్వేటోడు జోడీదారు షోయబ్, సుధాకర్ దిగినంక.

దిగినంకనే, ముందు కాదు. హమీద్ ఉస్తాదు తాలీంఖానల ఒక పద్ధతి ఉండె. ఎవని అంకె వాడే గట్టిగ చెప్పాలె. ఒళ్లు తప్పితే వాడే "పోయింది" అని దిగాలె. అప్పటిదాంక చూసేటోళ్లు నోరు తెరవొద్దు. "పక్కోడు పట్టిస్తె అది పోలీసోళ్ల పని. నీ నోటితోని నువ్వు చెప్పుకుంటెనే కసరత్" అనేటోడు ఉస్తాదు.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసొచ్చిన మనిషి. రెండేండ్ల సంది షుగర్ ఆయన చూపును తింటుంది. పది అడుగుల అవతల మనిషి పొగలెక్క కనవడుతడు, కాగితం మీది గీతలు అసలే కనవడయ్. ఈ సంగతి సుధాకర్‌కు ఒక్కనికే ఎరుక, ఉస్తాదు మందుల చీటీలు చదివి చెప్పేది తనే గనుక. మిగతా పోరగాండ్లు మాత్రం "ఉస్తాద్ కండ్లు మూసుకోని గూడ చూస్తడు" అని గొప్పగ చెప్పుకునేటోళ్లు.

నిర్మల్ల ఒక ప్రైవేటు హాస్టల్ బడికి కసరత్ నేర్పే సారు కావాలె. ఆ నౌకరికి, మోచేతులు వంచకుంట పది అంకెలు తేలంగ కండ్లార చూసిన అని గురువు సంతకం చేసియ్యాలె. ఆ రోజే ఆఖరు. చొప్పదండి దిక్కు ఊర్ల సుధాకర్ బాపు బట్ట నేసే సాంచాలు నడుపుతడు, అవ్వ శంకరవ్వ కండెలు చుడుతది. వాళ్లింట్ల డిగ్రీ సదివింది సుధాకర్ ఒక్కడే.

పిడులు పట్టి లేచిండు. "ఆరు" అన్నడు. "ఏడు" అన్నడు. మోచేయి వంగింది. "పోయింది" అని దిగాలె. అవ్వ మొఖం యాదికొచ్చింది.

"ఎనిమిది. తొమ్మిది. పది."

షోయబ్ తల వంచుకొని మన్ను దిక్కు చూసిండు.

"మోచేతులు?" అడిగిండు ఉస్తాదు.

"సక్కగున్నయ్, ఉస్తాద్."

"షాబాష్ బేటా! యాడ పెట్టాల్నో జర వేలు పట్టుకోని చూపియ్యి."

సుధాకర్ ఆ ముసలి వేలు పట్టి కాగితం మీద పెట్టిండు. ఉస్తాదు ఉర్దూల మెల్లగ సంతకం చేసిండు.

నౌకరి దొరికింది. శంకరవ్వ వాడకట్టంత పేడాలు పంచింది. బడిల పిల్లలు మొదటిరోజే, "సార్, మీరొకసారి చేసి చూపియ్యుండ్రి" అన్నరు. మణికట్టు బెణికిందన్నడు సుధాకర్. తొమ్మిది రోజులు బాగున్న చేతికి పట్టీ చుట్టుకొని తిరిగిండు. పదో రోజు ఒక పిల్ల ఇంటికాడి నుంచి ఆయన కోసం నొప్పుల నూనె తెచ్చింది. ఆ సీసా చేతుల పట్టుకున్నంక ఆయనకు అన్నం సయించలే.

ఐతారం కరీంనగర్ పోయి ఉస్తాదు ముందట కూసుండి ఉన్నదంత చెప్పిండు. తిడితే బాగుండు అనుకున్నడు. ఉస్తాదు తిట్టలే. గడ్డం నిమురుకుంట అడిగిండు.

"నువ్వు వంచినవ్. నేను చూడనిదాన్ని చూసిన అని సంతకం పెట్టిన. ఎవలిది పెద్ద తప్పు?"

"నాదే, ఉస్తాద్."

"నీ వాటా నువ్వు తీస్కో. నా వాటా నాకియ్యి."

అందర్నీ మన్ను కాడికి పిలిచిండు. నలభై మంది ఉన్నరు. "రెండేండ్ల సంది నాకు కండ్లు కనవడ్తలెవ్. మీకు చెప్పలే, సిగ్గయింది. నేను షాబాష్ అన్నవేవీ నేను చూసినవి కావు. మాఫ్ చెయ్యుండ్రి" అన్నడు. సుధాకర్ భూమి పలిగితే బాగుండు అన్నట్టు నిలబడ్డడు. ఆయన పేరు ఉస్తాదు ఎత్తనే లేదు. షోయబ్ వచ్చి ముసలాయన చెయ్యి పట్టుకున్నడు, సుధాకర్ దిక్కు చూడలే.

తెల్లారి ఉస్తాదు సుధాకర్ భుజం మీద చెయ్యేసి నిర్మల్ బస్సు దిగిండు. బడి పెద్దసారు రామచంద్రం ముందట నిలబడి, "గీ సంతకం కొట్టెయ్యుండ్రి సాబ్, గిది ఝూటా" అన్నడు.

రామచంద్రం సారు నవ్విండు. "గింత దానికి గంత దూరం వచ్చినవా పెద్దాయనా? ఆరైతే ఏంది, పదైతే ఏంది? మా పిల్లలకేం తెలుస్తది? పోరడు మంచిగ చెప్తుండు, ఉండనియ్యి."

ఉస్తాదు మొఖం చిన్నబోయింది. కాగితం కోసం సాపిన చెయ్యి అట్లనే కొంచెంసేపు ఉండి, కిందికి దిగింది. ఆ చెయ్యిని చూసినప్పుడు సుధాకర్‌కు అయిన సిగ్గు, అంతకుముందు ఎన్నడు కాలే.

తాలీంఖాన ఇప్పుడు షోయబ్ చూసుకుంటుండు. ఉస్తాదు ఇంట్లనే ఉంటడు. సుధాకర్ నిర్మల్ల పిల్లలకు నేర్పుతనే ఉన్నడు. తనకు ఏడో అంకె ఇంకా రాలే అని మొదటి పాఠంలనే వాళ్లకు చెప్తడు.

సుధాకర్ పేరు మీరు మర్చిపోయినా ఏం కాదు. ఎవలు అడగకున్నా నలభై మంది ముందట తన తప్పు తానే చెప్పుకున్న హమీద్ ఉస్తాదును మాత్రం జర యాదికుంచుకోండ్రి.