ఎడమచేతి బిగింపు

మణికట్టు దగ్గర నరం దెబ్బతిన్నాక కూడా బావ కుడిచేత్తో గ్లాసు పట్టుకోగలడు, సంతకం పెట్టగలడు, సంతోషం వస్తే నా వీపు మీద చరచగలడు. రోటరీ టేబుల్ హ్యాండిల్ మాత్రం తిప్పలేడు.

లోహాన్ని కోసే మిల్లింగ్ మెషిన్ మీద బిగించే గుండ్రటి ఇనప బల్ల అది. పక్కనున్న హ్యాండిల్ ఎన్నో చుట్లు తిప్పితే బల్ల కాస్త తిరుగుతుంది. దాని మీద లోహపు బిళ్ళ పెట్టి ఒక గాడి కొయ్యాలి, కాస్త తిప్పి మరో గాడి కొయ్యాలి. అలా చుట్టూ పళ్ళు తేలితే గేరు అవుతుంది. బావ బతుకంతా ఆ ‘కాస్త’లోనే గడిచింది.

“ఈ పని కూడా పోతే షెడ్డుకి తాళం వేసేస్తా. నాకు వేరే ఏం వచ్చు గనక?” అన్నాడు నవ్వుతూ. ఆయన నవ్వుతూ అన్న మాటలకే నేనెక్కువ భయపడతాను.

నేను లిఫ్టులు నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేస్తాను. సెలవు పెట్టి వచ్చి, హ్యాండిల్ ఊడదీసి, ఆ ఇరుసుకి కప్లింగు అనే జోడింపు ముక్కతో, చెప్పినంతే తిరిగి ఆగే స్టెప్పర్ మోటారు ఒకటి తగిలించాను. దాని చిన్న తెర మీద ఎన్ని పళ్ళు కావాలో ముందు చెప్పి, గాడి గాడికీ ఆకుపచ్చ బటన్ నొక్కితే చాలు. మోటారు లెక్క ప్రకారం ఒక పన్ను దూరం తిప్పి ఆగుతుంది.

“అయితే పెళ్ళికొడుకులా నిలబడితే సరిపోతుందన్నమాట.”

“బటన్ నొక్కాలి బావా.”

“నా పెళ్ళిలో మీవాళ్ళు ఆపాటి పని కూడా చెప్పలేదురా!”

పనికిరాని అల్యూమినియం బిళ్ళ మీద పరీక్ష పెట్టాం. మొదట్లో పళ్ళు ముద్దుగా వచ్చాయి. తుడిచి చూస్తే నడుమ ఒకటి బక్కచిక్కి ఉంది. బావ నా మోటారు వంక అనుమానంగా చూశాడు. నేనూ దాన్నే అనుమానించాను. కప్లింగు విప్పి మళ్ళీ బిగించాను. రెండో బిళ్ళా అంతే. మూడోదానికి మోటారుని వదిలేసి బావని చూడటం మొదలుపెట్టాను.

కోసేటప్పుడు బల్ల అదరకుండా పక్కన చిన్న లాకు పిడి ఉంటుంది. కోతకి ముందు బావ ఎడమచెయ్యి దాన్ని బిగిస్తుంది. బల్ల తిప్పేముందు వదులు చెయ్యాలి. ఇన్నేళ్ళూ ఆ వదలడం ఎలా జరిగేదో నాకప్పుడు అర్థమైంది. కుడిచెయ్యి హ్యాండిల్ వైపు చాచగానే ఎడమచెయ్యి తనంతట తనే లాకు వదిలేది. ఆ చాచడాన్నే నేను తీసేశాను. ఒక్క వేలు బటన్ నొక్కితే ఎడమచేతికి అది పిలుపులా వినపడదు. అలవాటులో బిగించడం మిగిలింది, వదలడం ఊడిపోయింది. మనసు పెడితే వదులుతున్నాడు. మాటల్లో పడితే మరిచిపోతున్నాడు. అప్పుడు మోటారు బిగుసుకున్న బల్లని ఈడ్వబోయి, మూలిగి, సగందూరంలో ఓడిపోతోంది. ఓడిపోయినట్టు దానికి తెలియదు. తెర మీద అంకె మాత్రం ముందుకి మారిపోతుంది.

“బావా, ఇప్పుడు మీరు లాకు వదల్లేదు.”

“వదిలాను.”

“నేను చూస్తూనే ఉన్నాను.”

ఆయన ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “వదిలానురా. నా చెయ్యి నాకు తెలీదా?”

అది అబద్ధం కాదు. వదిలిన జ్ఞాపకం ఆయనలో నిజంగానే ఉంది. ఇన్నేళ్ళ వదలడాలన్నీ కలిసి అల్లిన జ్ఞాపకం అది. నా రెండు కళ్ళ సాక్ష్యం దాని ముందు ఏపాటిది?

“లాకు బిగించి ఉంటే మోటారు కదలకుండా ఒక స్విచ్చి పెట్టేస్తాను.”

“చెయ్యని తప్పుకి కాపలా ఎందుకు? రేపు నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూడ్డానికి ఇంకో స్విచ్చి పెడతావు.”

పట్టుబట్టాల్సింది. కుడిచెయ్యి మాట వినదని డాక్టరు చెప్పేశాడు. ఎడమచెయ్యి కూడా వినడం లేదని చెప్పేవాణ్ణి నేనే కావాలి. ఆ మాట నేను దాటేశాను. తరవాతి బిళ్ళకి పక్కనే నిలబడి, బటన్ నొక్కబోయిన ప్రతిసారీ “లాకు” అన్నాను. అది చక్కగా వచ్చింది.

బావ దాన్ని వెలుగులోకి ఎత్తి చూసి మురిసిపోయాడు. “చూశావా? లాకూ లేదు, పాడూ లేదు. నీ మోటారు దారికొచ్చింది.”

అప్పుడు ఇత్తడి బిళ్ళ తీశాడు. బేకరీలో పిండి కలిపే యంత్రానికి కావలసిన గేరు అది. ఉన్నది ఆ ఒక్క బిళ్ళే.

“ఇది నేనొక్కణ్ణే కొయ్యాలి. నువ్వు బయటికి నడువు. నీ ఎదట నాకు పరీక్షహాల్లో ఉన్నట్టుంది.”

“పక్కన ఊరికే...”

“రేపు నువ్వు పోతావు కదరా! ఒక్కణ్ణే కొయ్యలేకపోతే ఈ షెడ్డెందుకు? ఇది వస్తే ఉంటుంది, రాకపోతే తాళమే. పిలిస్తేనే లోపలికి రా.”

బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలివన్నీ చెవికి అందుతున్నాయి. కట్టరు ఇత్తడిని కొరుకుతున్న చప్పుడు, ఆగడం, మోటారు సన్నటి రొద, మళ్ళీ కట్టరు. ప్రతి రొదా శుభ్రంగా ఉంది. మనిషి పట్టుదల అలవాటుని దాటగలదేమోనని నాలో ఆశ మొదలైంది. అంతలో అక్క క్యారేజీ పట్టుకొని వచ్చింది.

“ఏరా, మీ బావ గెంటేశాడా?”

“మెల్లగా అక్కా.”

“మెల్లగా ఎందుకు? లోపల పసిపిల్లాడేమైనా పడుకున్నాడా?” అని తలుపు వైపు గొంతెత్తింది. “ఏమండోయ్! మా తమ్ముణ్ణి ఎండలో కూర్చోబెట్టారేం?”

నేను చెయ్యి ఊపాను. ఆమె నా చెయ్యి చూడలేదు.

“మీ వంశానికి కాస్త రంగు తక్కువని ఎండబెడుతున్నానే!” లోపల్నుంచి బావ గొంతు హుషారుగా వచ్చింది. ఆ మాట పూర్తికాకుండానే మోటారు మూలిగింది. బొంగురుగా, క్షణంసేపు. తరవాత కట్టరు దిగింది.

“ఆ మూలుగేంట్రా?” అంది అక్క నవ్వు ఆపుకోకుండానే.

లేచి లోపలికి పరుగెత్తినా ప్రయోజనం లేదు. కట్టరు కొరికిన ఇత్తడి తిరిగి రాదు. మోటారు మళ్ళీ తిరిగింది, ఈసారి శుభ్రంగా. ఇకమీదట ప్రతి పన్నూ సరైన దూరంలోనే పడుతుంది, ఆ తప్పు పన్ను నుంచి కొలుచుకుని. ఇత్తడి రజనూ నూనే కప్పేసిన చక్రం మీద తేడా కనిపించదు. చుట్టూ తిరిగి మొదటి పన్ను దగ్గరికి వచ్చాక, చోటు మిగిలిపోయినప్పుడు మాత్రమే బావకి తెలుస్తుంది.

“ఒరేయ్ బామ్మర్దీ! సగం దాటేసింది! ఇక నిన్ను పిలవక్కర్లేదు!”

“సంతోషం బావా,” అన్నాను. నా గొంతు మామూలుగానే పలికింది.

అక్క క్యారేజీ గిన్నెలు విడదీయబోయింది. “వేడిగా ఉంది, తినేసి చేసుకోమని చెప్పు.”

“కాసేపు ఆగు అక్కా,” అన్నాను. “పూర్తి చేసుకోనీ.”