బురుల్ దాచిన రేకుముక్క

బిష్కెక్‌లోని ఒక కుట్టుకేంద్రంలో చలికోట్లకు జేబులు కుట్టేది బురుల్. మిగతావాళ్లు సుద్దతో గీత గీసుకుని కుడుతుంటే, ఆమె గీత లేకుండానే వంకర పోకుండా కుట్టేసేది. అదంతా చేతిలోని నేర్పే అనుకున్నారు అందరూ. నిజానికి టీపొడి డబ్బా రేకు కత్తిరించి, మడిచి, సూది పక్కన బిగించుకుంది. బట్ట అంచును దానికి ఆనించి తోస్తే చాలు. ఎవరైనా వస్తున్న అలికిడైతే రేకు ఊడదీసి దాచేసేది. పని ముందే అయిపోయినా బయటపడనివ్వకుండా, నింపాదిగా దారాలు తెంపుతూ కూర్చునేది.

ఒకరోజు యజమానురాలు అసిల్‌కాన్ చప్పుడు కాకుండా వచ్చి ఆమె వెనక నిలబడింది. బురుల్ చెయ్యి రేకు మీదే ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదక్కా?" అంది అసిల్‌కాన్.

"పాతచోట చెప్పానమ్మా. మెచ్చుకుని తలగుడ్డ బహుమతిచ్చారు. మర్నాటినుంచి అదే జీతానికి ఇంకో నలభై జేబులు కుట్టమన్నారు. పక్కనోళ్లు నన్ను తిట్టిపోశారు. మళ్లీ నోరు విప్పుతానా?"

అసిల్‌కాన్ వెనుదిరిగి తన గదికి వెళ్లిపోయింది. ఉద్యోగం ఊడినట్టేనని బురుల్ ఆ సాయంత్రమే తన కత్తెర, సూదులు సంచిలో సర్దుకుంది.

మర్నాడు అసిల్‌కాన్ పనివాళ్లు పద్నాలుగుమందినీ పిలిచి కూర్చోబెట్టింది. పని ఎంత తొందరగా అయినా, కుట్టాల్సిన కోట్ల లెక్క పెంచనంది. వారం పని ముందే తేలితే శుక్రవారం మధ్యాహ్నమే ఇళ్లకు వెళ్లిపోవచ్చంది. వంకర జేబులు విప్పి మళ్లీ కుట్టే బాధ తప్పితే తనకదే పదివేలంది. అంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి గోడకు అంటించింది.

ఇస్త్రీ చేసే తుర్సునాయ్ మాత్రం నమ్మలేదు. "నెల తిరక్కుండానే ఆ కాగితం చింపేస్తే?"

"అప్పుడు నీ ఇస్త్రీపెట్టె నామీదే పెట్టు," అంది అసిల్‌కాన్.

బురుల్ అందరికీ రేకులు కత్తిరించి ఇచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరి బుర్రలోనూ ఏళ్లుగా మూలుగుతున్న ఉపాయాలన్నీ బయటికొచ్చాయి. బొత్తాలు కుట్టే ఆమె వెలుతురు కోసం తన బల్లను కిటికీ దగ్గరికి మార్పించుకుంది. ఇస్త్రీపెట్టె బరువు చేతిమీద పడదని తుర్సునాయ్ దాన్ని తాడుకు స్ప్రింగు కట్టి పైకప్పుకు వేలాడదీసింది. అది ఊగి, కోటు తొడిగిన బొమ్మ తలకాయ ఎగరగొట్టింది. అందరూ డొక్కలు పట్టుకుని నవ్వారు. తాడు పొట్టి చేశాక అదీ కుదిరింది.

మూడోవారం, శుక్రవారం మధ్యాహ్నానికే కోట్లన్నీ కట్టలయ్యాయి. పదకొండేళ్లలో మొదటిసారి పనిరోజున, ఎండ ఉండగానే బురుల్ తన వీధిలోకి అడుగుపెట్టింది. చంకలో ఇంత కర్బూజా పండు.

పక్కింటి కనిమ్‌బూబు కంగారుపడింది. "ఒంట్లో బాలేదా, ఈ వేళప్పుడు వచ్చావు?"

"బ్రహ్మాండంగా ఉంది. పనైపోయింది, వచ్చేశా," అంది బురుల్. "కత్తి తెచ్చుకో, ఇక్కడే అరుగుమీద కోద్దాం."