వేలి కోపం

మనస్తత్వశాస్త్ర విభాగంలో మెట్ల కింద కిటికీ లేని గది ఒకటుంది. దానికి ప్రయోగశాల అని పేరు పెట్టినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. రెండు కంప్యూటర్లు, మూడు కుర్చీలు, అందులో ఒకదానికి చెయ్యి లేదు. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలిద్దరు నాలుగు నెలలుగా అక్కడ కూర్చుని బడి పాఠాల వీడియోలు చూస్తున్నారు. అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి మిరపకాయ. అబ్బాయి ఆవలించకుండా ఒక మాట పూర్తి చేయలేడు కాబట్టి నిద్రమొహం. ఆ పేర్లు ఒకరికొకరు పెట్టుకున్నవే.

టీచరు ప్రశ్న అడిగి ఒక పిల్లను లేపగానే మీట నొక్కాలి. ఆ పిల్ల నోరు విప్పినా, టీచరు విసిగి ఇంకొకరి వైపు తిరిగినా మళ్లీ నొక్కాలి. మధ్యలో ఎన్ని సెకన్లు గడిచాయన్నదే లెక్క. టీచర్లు ఏ పిల్లల కోసం ఆగుతారు, ఎవరి కోసం ఆగరు అన్నది వాళ్లకు పాఠం చెప్పే మేడమ్ పరిశోధన. ఎవరు కలిగినవాళ్ల పిల్లలో, ఎవరు లేనివాళ్ల పిల్లలో నొక్కేవాళ్లకు తెలియకూడదు. అందుకని పిల్లల ముఖాలన్నీ మసక చేశారు. బడి బట్టలు ఎలాగూ ఒకటే. ఒకే వీడియోను ఇద్దరూ విడివిడిగా చూస్తారు, ఇద్దరి అంకెలూ కలవాలి.

నాలుగు నెలల అంకెలను ఆ వారం మొదటిసారి పోల్చి చూస్తే కలవలేదు.

"మీలో ఒకరి వేలు సరిగ్గా పడటం లేదు. శుక్రవారానికల్లా ఎవరిదో తేల్చండి. వాళ్లని ఇక ఈ పనిలో ఉంచలేను," అంది మేడమ్.

ఆవిడ అటు వెళ్లగానే నిద్రమొహం ఆవలించాడు. "నాదేలే. మధ్యాహ్నమైతే నాకు కళ్లు మూతలు పడతాయని అందరికీ తెలుసు. నేనే చెప్పేస్తా."

మిరపకాయకు ప్రాణం లేచొచ్చింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. ఈ గదిలో కుర్చీ దొరికిందని వాళ్లక్క కుట్టుమిషన్ ఆపి మరీ వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

అయినా మనసు ఊరుకోక గురువారం ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూసింది. కునికేవాడి తప్పులు ఎక్కడపడితే అక్కడ ఉండాలి. ఇవి అలా లేవు, కొందరు పిల్లల దగ్గరే ఉన్నాయి. ఆ చోట్లు మళ్లీ చూసింది. ఒక పిల్ల బూటుకు లేసు బదులు పురికొస. ఇంకొకడి బూట్లు ఎవరో పెద్దవాళ్లవి. మరొకడికి చిరిగిన బూటులోంచి బొటనవేలు బయటికొచ్చింది. కాళ్లను మసక చేయాలని ఎవరికీ తట్టలేదు. ఆ పిల్లల దగ్గర టీచరు తల ఇంకా తిరగకముందే ఆమె మీట నొక్కేసింది, తిరుగుతుందని ముందే తీర్మానించుకుని.

అక్క కూడా అలాంటి బూట్లతోనే లేచి నిలబడేది. జవాబు గొంతులో ఉండగానే కూర్చోమనేవారు. ఏడో తరగతితో సరిపెట్టుకుంది. ఈ నాలుగు నెలలూ మిరపకాయ మీట నొక్కింది అక్కను కూర్చోబెట్టిన ఆ టీచరు మీది కోపంతో.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నింద నెత్తిన వేసుకోవడానికి అవతలివాడు సిద్ధంగా ఉన్నాడు.

శుక్రవారం నిద్రమొహం నోరు తెరవకముందే అనేసింది. "తప్పు నాది మేడమ్. కావాలని చెయ్యలేదు. వాళ్ల బూట్లు చూసి నొక్కేశాను."

"బూట్లా?" మేడమ్ వీడియో వేసుకుని చాలాసేపు చూసింది. "ఇది నాకూ తోచలేదమ్మా. కానీ నీ అంకెలు తీసెయ్యాలి. నిన్నిక నొక్కడానికి కూర్చోబెట్టలేను."

"తెలుసు మేడమ్."

"కాళ్లు మసక చేసే పని చేస్తావా? అది అయ్యేదాకా ఉండు."

చేసింది. ఒక్కో వీడియో, ఒక్కో జత కాళ్లు. తర్వాత కొత్తమ్మాయి వచ్చి ఆమె కుర్చీలో కూర్చుంది. ఆరు వారాలకు నిద్రమొహం వరండాలో పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆవలింత లేదు.

"అంకెలు కలిశాయే! కలిగినవాళ్ల పిల్లల కోసం ఆగడానికీ లేనివాళ్ల పిల్లల కోసం ఆగడానికీ నీ లెక్కలో రెండున్నర సెకన్ల తేడా ఉండేది కదా, ఇప్పుడు సెకనున్నర. నీ కోపమంతా తీసేసినా ఇంకా అంత మిగిలింది. నువ్వనుకున్నది నిజమేనే!"

ఆమె సంతోషిస్తుందనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. మిరపకాయ అతని చేతిలోని కాగితం తీసుకుని ఆ అంకె మీద వేలు పెట్టింది.

"అది కూడా నా తప్పే అయ్యుంటే బాగుండేదిరా," అంది.