ముడత పడని సీటు

బండి కడిగించాలి. రెండో తాళంచెవి వెతకాలి. టైర్లలో గాలి చూడాలి. బండి సొరుగులో పడున్న దగ్గు బిళ్ళలు, పాత కళ్ళజోడు తీసెయ్యాలి. పదిహేడేళ్ళ సర్వీసు కాగితాలు తేదీల వరసన పెట్టాలి. పాత కార్ల బేరగాడు పదింటికి వచ్చేలోగా ఎడమ కంట్లో చుక్కలు వేసుకోవాలి.

పళ్ళ డాక్టరమ్మ ఇవన్నీ తొమ్మిదింటికే ముగించి, షెడ్డు తలుపులు బార్లా తీసి నిలబడింది. పక్కచూపు తగ్గింది, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కంటి డాక్టరు చెప్పి నెలయింది. చెప్పినవాడూ డాక్టరే కాబట్టి వాదించడానికి లేకపోయింది. ముదురు నీలం రంగు పెద్ద కారు. తోలు సీట్లు. తలుపు వేస్తే పెద్దమనిషి గొంతు సవరించుకున్నంత చప్పుడే.

బేరగాడు ఒక ముసలి మెకానిక్కును వెంటబెట్టుకొచ్చాడు. బండి చుట్టూ తిరిగి, తలుపు తీసి, మీటరు చూసి నవ్వాడు. పంతొమ్మిది వేల ఆరువందల కిలోమీటర్లు.

"నా స్కూటరు ఇంతకంటే ఎక్కువ లోకం చూసింది మేడం. మీటరు ఎవరు వెనక్కి తిప్పారోగానీ పనిమంతుడే."

నొప్పి పుట్టేదైతే పుడుతుందనే చెప్పి పన్ను పీకే మనిషి ఆవిడ. చెవులు వేడెక్కాయి. ఆసుపత్రి రెండు వీధుల అవతలేననీ, ఆదివారాలు బ్యాటరీ చచ్చిపోకుండా ఊరి చివరిదాకా పోయి వస్తాననీ చెప్పింది. అడక్కముందే సర్వీసు కాగితాలు తెచ్చి చేతిలో పెట్టింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని అతని చూపు చెప్పనే చెప్పింది. అయిదుగురు పట్టే బండి కొని ఎక్కడికీ పోలేదంటే ఎవరు నమ్ముతారని అడిగాడు.

కొన్న కొత్తలో చెల్లెలూ దాదాపు ఇదే అడిగింది, ఒక్కదానివి నీకింత బండి ఎందుకక్కా అని. చోటంటూ ఉంటే మనుషులు వాళ్ళే వస్తారని అప్పుడు జవాబిచ్చింది. చెల్లెలి కుటుంబానికి వాళ్ళ బండి ఉంది. ఆసుపత్రిలో నర్సుకు స్కూటీ ఉంది. తెలిసినవాళ్ళు దించమని అడగడానికి మొహమాటపడేవారు, ఎక్కమనడానికి ఈవిడ మొహమాటపడేది. అలా పదిహేడేళ్ళు గడిచిపోయాయి.

ధర తగ్గితే తగ్గనీ, దొంగ మీటరన్న మాటతో మాత్రం బండి గేటు దాటకూడదనుకుంది.

మెకానిక్కు బండిలోకి వంగాడు. బ్రేకు పెడలు రబ్బరు బొటనవేలితో రుద్ది చూశాడు. పక్క సీటు బెల్టు లాగాడు. అది బిగదీసుకుని, మొదట చుట్టిన మడతలతోనే బయటికొచ్చింది. దాని అంచున కంపెనీ చీటీ తెల్లగా ఉంది. వెనక సీటు మధ్యలోని చెయ్యి ఆనించే దిమ్మె కిందికి దించాడు. దానిమీద ప్లాస్టిక్ పొర ఇంకా తియ్యలేదు.

"మీటరు నిజమే చెబుతోందయ్యా," అన్నాడు. "డ్రైవరు సీటు ఒక్కటే అరిగింది. ఈ బండిలో ఈ అమ్మ తప్ప ఇంకెవరూ ఎక్కలేదు."

ఆవిడ గెలిచింది. గెలిచి, షెడ్డు గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

బేరగాడి ముఖం వెలిగింది. అప్పటికప్పుడే కొనేవాళ్ళెవరికో ఫోను కలిపి, వెనక సీటు మీద మనిషన్నవాడు కూర్చోలేదని ఊదరగొట్టడం మొదలుపెట్టాడు.

"ఆ మాట చెప్పకండి," అంది డాక్టరమ్మ.

"అదేంటి మేడం, దాన్ని బట్టేగా రేటు."

"మా నాన్న కూర్చున్నాడు."

మెకానిక్కు మళ్ళీ వంగి, సీటంతా అరచేత్తో తడిమాడు. ముడత లేదు, గోటి గీత కూడా లేదు తల్లీ అన్నాడు.

ఉండదు. బండి షోరూము నుంచి ఇంటికి తెచ్చిన రోజున ఒక్కసారే, పద్నాలుగు కిలోమీటర్లు కూర్చున్నాడాయన. ముప్ఫై ఏళ్ళు లారీ క్లీనరు. ముందు సీటులో కూర్చోమంటే వెనకే బాగుందన్నాడు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని ఎక్కాడు. కాళ్ళకింద పేపరు పరుచుకున్నాడు, సీటు మీద భుజం మీది తువ్వాలు వేసుకున్నాడు. అద్దంలో చూసి, వెనక్కి ఆనుకో నాన్నా అంది కూతురు. చమురు చేతులే తల్లీ, మరకైతే పోదు అన్నాడాయన. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇల్లొచ్చేదాకా నిటారుగా కూర్చున్నాడు. నాలుగో నెలలో పోయాడు.

ఇదంతా ఆవిడ వాళ్ళకు చెప్పలేదు. కూర్చున్నాడు అని మాత్రం ఇంకోసారి అంది. బేరగాడు బుర్ర గోక్కుని, ఎవరో పెద్దాయన ఒకసారి కూర్చున్నారట అని ఫోనులో దిద్దుకున్నాడు. మధ్యాహ్నానికి బండి గేటు దాటింది.

కొన్నవాళ్ళకు ఆ సీటు ఏమీ చెప్పదు. అందుకే మీకు చెబుతున్నాను. కూతురి కారులో వీపు ఆనించకుండా పద్నాలుగు కిలోమీటర్లు వచ్చిన ఆ లారీ క్లీనరును కాస్త గుర్తుపెట్టుకోండి.