ముందు సీటు

దిగేటప్పుడు "థాంక్స్ అన్నయ్యా" అన్నాను. అదీ నా బాధ. ఆయన అన్న మాట కన్నా, వేసిన చెయ్యి కన్నా, ఆ థాంక్సే నన్ను ఎక్కువ తినేస్తోంది. తొడ మీద చెయ్యి వేసినవాడికి థాంక్స్ చెప్పి, కారు తలుపు కూడా మెల్లగా వేసి దిగిన ఆడది మర్నాడు వెళ్ళి ఫిర్యాదు చేస్తే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను.

మొదటి నుంచి చెబుతాను. నేను పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేస్తాను. ట్యాంకర్లు తెల్లవారకముందే వస్తాయి. మూత తీయించి, వాసన చూసి, శాంపిల్ పరీక్ష చేసి, "సరే, పోనివ్వండి" అని నేనంటే తప్ప ఒక్క చుక్క లోపలికి పోదు. ఫ్యాక్టరీ ఊరికి దూరం. ఆ వేళప్పుడు బస్సులుండవు. స్టోర్స్‌లో పనిచేసే ఆయన మా పక్క వీధిలోనే ఉంటాడు, ఆయనకి కారుంది. మేం ముగ్గురం ఆ కారెక్కి వెళతాం. అది లేకపోతే నాకు ఉద్యోగం లేదు. నా మొత్తం కథలో అర్థం కాని సంగతులు చాలా ఉన్నాయి గానీ ఇదొక్కటి మాత్రం స్పష్టంగా తెలుసు.

ఆయన్ని అందరూ స్టోర్స్ అన్నయ్య అంటారు. బోల్టు అడిగినా బల్బు అడిగినా లేదనడని పేరు. మా అత్తయ్య బాత్‌రూమ్‌లో జారిపడినప్పుడు మా ఆయన ఊళ్ళో లేడు. ఆవిణ్ణి ఎత్తి కారులో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఈయనే. అప్పట్నుంచి అత్తయ్యకి ఈయన రెండో కొడుకు. మందులు తేవడం మా ఆయన మర్చిపోయిన రోజుల్లో అయితే మొదటి కొడుకు.

వెనక సీట్లో బాయిలర్ మావయ్య, ప్యాకింగ్ అక్క కూర్చుంటారు. మావయ్య రేపోమాపో రిటైరయ్యే మనిషి. సీటుకి వీపు ఆనితే చాలు, గురక. అక్క ప్యాకింగ్ సెక్షన్‌లో పాతకాపు, గట్టి నోరు. క్యాంటీన్ తలుపు పక్కన ఫిర్యాదుల కమిటీ బోర్డు ఒకటుంది, దాని మీద కార్మికుల తరఫు సభ్యురాలిగా అక్క పేరే ఉంటుంది. నేను చేరిన కొత్తలో ముందు సీటు అక్కదే. కొన్నాళ్ళకి, "నువ్వు ముందు కూర్చోవే, గాలి బాగా వస్తుంది. నాకు ముందు కూర్చుంటే కడుపులో తిప్పుతోంది" అంది. కడుపులో తిప్పేది వెనక కూర్చున్నవాళ్ళకి కదా అని నాకు తట్టలేదు. పెద్దది, మంచి సీటు నాకిచ్చిందని మురిసిపోయాను.

గేరు మార్చినప్పుడల్లా ఆయన చెయ్యి నా మోకాలికి తగిలేది. చిన్న కారు, తగులుతుంది అనుకున్నాను. తలుపు వైపు జరిగాను. అయినా తగిలేది. ఇంకా జరిగాను. మనం జరిగిన కొద్దీ గేరు కూడా మన వైపు జరుగుతుందా అని నిజంగానే ఆలోచించాను, నవ్వకండి. సీటు బెల్టు ఇరుక్కునేది. "ఉండమ్మా, దానికో కిటుకుంది" అంటూ ఆయన నా మీదుగా వంగి లాగేవాడు. ఆ బెల్టు నిజంగానే ఇరుక్కునేది. అక్కడే వచ్చింది చిక్కు. మనిషి చేసే ప్రతి పనికీ ఒక న్యాయమైన కారణం ఉంటే, మనకి కలిగే ఏవగింపుకి మాత్రం కారణం ఉండదు. మన బుర్రే పాడైందనిపిస్తుంది.

ఒకరోజు అక్క సెలవు పెట్టింది. మావయ్య మధ్యాహ్నం షిఫ్టు. కారులో మేమిద్దరమే. ఊరు దాటాక టైరు చూడాలని కారు ఆపాడు. టైరు చూడలేదు. నా తొడ మీద చెయ్యి వేసి, "నిన్ను ఇంట్లో ఎవరూ సరిగ్గా పట్టించుకోరని నాకు తెలుసమ్మా. ఒక పూట ఇద్దరం ఎక్కడికైనా వెళ్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. "అమ్మా" అంటూనే అన్నాడు ఇదంతా.

చెంప పగలగొట్టాలి. కనీసం చెయ్యి తీసెయ్యాలి. నేనేం చేశానంటే, "అన్నయ్యా, ట్యాంకర్ వచ్చేసుంటుంది" అన్నాను. ఆయన నవ్వి చెయ్యి తీశాడు. "అబ్బే, సరదాకన్నాను. మొహం అలా పెట్టకు" అని కారు స్టార్ట్ చేశాడు. గేటు దగ్గర దిగాను. అలవాటు ప్రకారం నోరు థాంక్స్ చెప్పేసింది.

ఆ పొద్దున వచ్చిన ట్యాంకర్లలో ఒకటి మూత తీయగానే తేడా తెలిసింది. వెనక్కి పంపమన్నాను. డ్రైవర్ బతిమాలాడు. "ఇంకొక్కసారి చూడండి మేడమ్, మీకు పుణ్యముంటుంది." ఇంకోసారి చూడను. ముక్కు అలవాటు పడితే పులిసిన పాలు కూడా బాగానే ఉన్నాయంటుంది, అందుకని మా పనిలో మొదటి వాసనే లెక్క. ట్యాంకర్ వెళ్ళిపోయింది. రిజిస్టర్‌లో కారణం రాసి సంతకం పెట్టాను. ట్యాంకరు పాల సంగతి చిటికెలో తేల్చేశాను. నా సొంత తొడ మీద పడ్డ చేతి సంగతి తేల్చలేకపోతున్నాను.

మర్నాడు సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చాడు, అత్తయ్య మోకాళ్ళ మాత్రలు పట్టుకుని. ఎప్పటిలాగే ఉన్నాడు. అత్తయ్య కాలు వాపు చూసి ఉప్పు తగ్గించమన్నాడు. "బంగారం లాంటి మనిషి" అంది అత్తయ్య. కాఫీ ఇమ్మంది. ఇచ్చాను. ఆయన కప్పు అందుకున్నప్పుడు వేలు కూడా తగల్లేదు. దాంతో ఇంకా అయోమయం. నిన్నటిది నేనే ఎక్కువ ఊహించుకున్నానా? గోరంతని కొండంత చేస్తున్నానా? మళ్ళీ నాలో నేనే, గోరంతైతే మాత్రం నా ఒంటి మీద ఎందుకుండాలి అని కోపం. ఆ కోపం కప్పు కడిగేలోపు పోయేది, మళ్ళీ అనుమానం వచ్చేది.

మా ఆయనకి చెప్పాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"స్టోర్స్ అన్నయ్య కొంచెం చనువుగా ఉంటున్నాడు."

"ఆయన అందరితోనూ అంతే కదా."

అప్పుడు మొత్తం చెప్పాను. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చాక గానీ ఇద్దరం చూసుకోలేదు.

"నేను వెళ్ళి అడగనా?" అన్నాడు.

"ఏమని అడుగుతావు?"

"అదీ నిజమే." కాలిన చొక్కా మడతపెట్టడం మొదలుపెట్టాడు. కాలిన చొక్కాని ఎవరైనా మడతపెడతారా! "పోనీ, మానేస్తావా?"

"తప్పు చేసింది ఆయనైతే నేనెందుకు మానాలి?"

"మానమనడం లేదు. అడుగుతున్నాను." చొక్కా పక్కన పెట్టి, "మరి నువ్వేమన్నావు?" అన్నాడు.

"ఏమీ అనలేదు."

అది అబద్ధం. థాంక్స్ మాట మా ఆయనకి చెప్పలేకపోయాను. ఆయన మంచివాడే, నన్ను అనుమానించలేదు. కానీ ఆ ప్రశ్న తర్వాత ఇంట్లో కూడా నేను జవాబు చెప్పుకోవాల్సినదాన్ని అయిపోయాను.

ఇక మిగిలింది అక్క. కమిటీలో ఉంది, రోజూ అదే కారులో వస్తుంది. ఆవిడకి కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను? క్యాంటీన్ దగ్గర చేతులు కడుక్కుంటుంటే పక్కన చేరాను.

"అక్కా, స్టోర్స్ అన్నయ్య సంగతి ఒకటి చెప్పాలి."

అక్క వెనక్కీ ముందుకీ చూసింది. "బెల్టు దగ్గరేనా? బండి కూడా ఆపాడా?"

నేనింకా ఏమీ చెప్పలేదు. బెల్టని అనలేదు, బండని అనలేదు. అక్క మొహం చూశాను. ఆవిడ సబ్బు నురగ చూసుకుంటోంది.

"నీకెలా తెలుసు?"

"ఏదో అడిగాన్లే. ఇదిగో, నా మాట విను. రాసిస్తే ఇక వెనక్కి తీసుకోలేవు. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా ఆకుకే నష్టం."

"ముల్లుని ఏం చెయ్యాలో మీ కమిటీలో ఎప్పుడైనా అనుకున్నారా?"

"అరవకే."

"ముందు సీటు నాకెందుకిచ్చావక్కా?"

అక్క కుళాయి కట్టేసింది. "నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది" అని వెళ్ళిపోయింది. అది దేనికి జవాబో ఆవిడకే తెలియాలి. నాకు ఆయన మీదకన్నా ఆవిడ మీద ఎక్కువ కోపమొచ్చింది. అలా రావచ్చా? తెలియదు. అప్పటికి నాకు తెలియని వాటిలో అదొకటి చేరింది.

ఆ వారం ట్యాంకర్ల లెక్కలు రాసే సెక్షన్‌లో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. చదువైపోయి నేరుగా ఉద్యోగానికి వచ్చిన పిల్ల. వాళ్ళిల్లు మా దారిలోనే. స్టోర్స్ అన్నయ్యే స్వయంగా పిలిచాడు. "మన కారులో చోటుంది, వచ్చెయ్ పాపా." సోమవారం పొద్దున కారు దగ్గరికి నేను వెళ్ళేసరికి ఆ పిల్ల నిలబడి ఉంది. "వెనక ఇరుకు, కొత్తపిల్లకి కష్టం. పాపని ముందు కూర్చోనీ. నువ్వు వెనక సర్దుకోమ్మా" అన్నాడు నాతో.

హమ్మయ్య అనుకున్నాను. దాచడం దేనికి, నిజంగానే అనుకున్నాను. కారుంది, ఉద్యోగముంది, మోకాలికేమీ తగలదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, అత్తయ్య రెండో కొడుకు అలాగే ఉంటాడు. మావయ్యకీ అక్కకీ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఇన్నాళ్ళకి ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యలో కూర్చున్నాను కాబట్టి రెండు సీట్ల సందులోంచి అంతా కనిపిస్తోంది. ఆయన వంగి బెల్టు లాగాడు. "దానికో కిటుకుంది." గేరు వేశాడు. చెయ్యి ఆ పిల్ల మోకాలిని రాసుకుంటూ పోయింది. పిల్ల తలుపు వైపు జరిగింది. ఇంకో గేరు. ఇంకొంచెం జరిగింది. నేనెలా జరిగానో అలాగే. పక్క నుంచి చూస్తే అందులో అర్థం కానిదేమీ లేదు. గేరు ఉన్నచోటే ఉంది. చెయ్యే వెళుతోంది.

అంటే అక్కకి రోజూ కనిపించేది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది, చీకట్లో చూడ్డానికి ఏముందని. ఇటు మావయ్య గురక ఆగింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు, కానీ నిద్రపోయేవాళ్ళు రెప్పలు అంత గట్టిగా బిగించరు.

పిల్ల తన బ్యాగు తీసి మోకాలికీ గేరుకీ మధ్య పెట్టుకుంది. తెలివైన పిల్ల, నాకా ఆలోచనే రాలేదు. ఆయన నవ్వుతూ ఆ బ్యాగు తీసి, వెనక్కి తిరక్కుండానే నాకందించాడు.

"ఇది కాస్త పట్టుకోమ్మా. పాపకి అడ్డంగా ఉంది."

బ్యాగు నా ఒళ్ళోకి వచ్చింది. చాలా తేలిగ్గా ఉంది. లోపల టిఫిన్ డబ్బా కాబోలు, చేతికి వెచ్చగా తగిలింది. ఇప్పుడు నేను కూడా ఆయనకి సాయం చేస్తున్నాను. అక్క సీటిచ్చింది, నేను బ్యాగు పట్టుకుంటున్నాను.

"తన బ్యాగు తన దగ్గరే ఉండనివ్వండి" అన్నాను.

"నీకేమిటమ్మా ఇబ్బంది?"

"నాకే ఇబ్బంది." సీట్ల సందులోంచి బ్యాగు ఆ పిల్ల ఒళ్ళోకి తోశాను. పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన అద్దంలో నన్ను చూశాడు. నేనూ చూశాను. నా చూపు ఎలా ఉందో నాకు తెలియదు. గేటు దగ్గర కారు దిగాను.

ట్యాంకర్ హారన్ కొడుతున్నా ల్యాబ్‌కి వెళ్ళలేదు. సూపర్‌వైజర్‌ని వాసన చూడమని చెప్పి, ఫిర్యాదుల కమిటీ నడిపే పర్సనెల్ మేడమ్ గది ముందు ఆవిడ వచ్చేదాకా నిలబడ్డాను. కూర్చోమంది. నోరు తెరిస్తే ఒక్క వాక్యం తిన్నగా రాలేదు.

"ఇది కారులో జరిగింది మేడమ్. ఫ్యాక్టరీలో కాదు. మీ కిందికి వస్తుందో రాదో..."

"పనికి వచ్చే దారే కదా. చెప్పండి."

చెప్పాను. ముందుది వెనక, వెనకది ముందు. ఆ పిల్ల మోకాలి నుంచి మొదలుపెట్టి నా మోకాలి దాకా వచ్చాను. ఆయన మా అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాడని కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. థాంక్స్ చెప్పానని చెప్పాను. మా ఆయనకి చెప్పలేని మాట ముక్కూమొహం తెలియని ఆవిడకి చెప్పేశాను.

"అది కూడా రాస్తారా?"

"మీరు చెబితే రాస్తాను."

ఆ మాట రాస్తే నా కేసు నీళ్ళలో కలుస్తుందేమో. రాయకపోతే రేపు ఆయనే చెబుతాడేమో. "రాయండి" అన్నాను. "నాకు అంతా అయోమయంగా ఉంది మేడమ్. రేపు ఫ్యాక్టరీకి ఎలా వస్తానో కూడా తెలియదు. అయినా రాయండి."

ఆవిడ రాసింది. కమిటీ సభ్యురాలు ఒకరు పక్కనుండాలని ప్యాకింగ్ సెక్షన్‌కి ఫోన్ చేసింది. అక్క వచ్చి ఏమంటుంది? "ఆయన దేవుడు, అంతా దీని ఊహే" అంటే? గట్టి నోరు, అందరూ ఆవిడనే నమ్ముతారు. పిలవొద్దనాలనుకున్నాను. ఏమని వద్దంటాను?

అక్క వచ్చింది. తల మీద ప్లాస్టిక్ టోపీ, చేతులకి గ్లవ్స్ అలాగే ఉన్నాయి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. మేడమ్ తన పక్కనున్న కుర్చీ చూపించింది. "రండి, ఇలా సభ్యుల వైపు కూర్చోండి."

అక్క కదల్లేదు. గ్లవ్స్ ఒక్కొక్కటే తీసింది.

"నేను ఆ వైపు కూర్చోకూడదు మేడమ్" అంది.

నాకు ఆవిడ మీద కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. కానీ కుర్చీతో సహా కొంచెం పక్కకి జరిగాను.