కమాన్ కట్ట మీద నింద

నేను ఒక కమాన్ కట్టని. ఐదు ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుం బిగించి కట్టినదాన్ని. పుట్టింది అమెరికాలో. పొడుగు మూతి, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉన్న మజిల్ కారుకి వెనక ఎడమ చక్రం దగ్గర స్ప్రింగునై ఉండి యాభై ఏళ్లు బరువు మోశాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక లారీ షెడ్డు వెనక తుక్కులో పడి ఉన్నాను. ఒళ్లు మండిపోతోంది. చెప్పకుండా ఉండలేను.

ఆ కారు ఓడెక్కి వచ్చి, ఇద్దరు ముగ్గురు షోకిలాల చేతులు మారి, చివరికి రైసుమిల్లు కనకరాజు పాలబడింది. ఊరంతా రాజుగారు అంటుంది. నేను అనను.

కారంటే అతనికి ప్రాణం. ఎవరినీ తలుపు గట్టిగా వెయ్యనిచ్చేవాడు కాదు. ఏటా దసరాకి ఆయుధపూజ చేసి, కుంకం పెట్టి, పట్టుపంచె ఎగ్గట్టి తనే కిందికి దూరి నా చెవుల్లో గ్రీజు కూరేవాడు. నా రెండు చివర్లా ఉండే ఆ చెవుల్లో, బోల్టు చుట్టూ మెత్తగా రబ్బరు బుష్‌లుంటాయి. గ్రీజు లారీ కమాన్లకి మంచిదే, వాటి చెవుల్లో ఉండేది లోహం. రబ్బరుకి అది విషం. ఉబ్బింది, మెత్తబడింది, ఊడిపోవడం మొదలెట్టింది.

ఇక గుంటలో చక్రం పడితే చాలు, నా చెవిలో బోల్టు టకటకా కొట్టుకునేది. కనకరాజు వంగి చూడనైనా చూడకుండా "కమాను పోయింది" అని తేల్చేశాడు. నేను పోతే కారు ఎడమ పక్కకి వాలాలి కదా! అది నిటారుగా నిలబడే ఉంది. ఆ మాత్రం చూడటానికి కళ్లకేమొచ్చింది?

షెడ్డు మేస్త్రీ అబ్బులు మాత్రం చూశాడు. కారుని చదును నేల మీద పెట్టి, కర్రపుల్లతో రెండు పక్కలా ఎత్తు కొలిచాడు. తేడా లేదు. బోల్టు విప్పితే రబ్బరు ముద్దలా చేతికొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"రబ్బర్లు కుళ్లిపోయాయండి," అన్నాడు అబ్బులు.

"ఎలా కుళ్లుతాయిరా? ఏటా నా చేత్తో గ్రీజు పెడుతున్నాను. నాకన్నా బాగా చూసుకునేవాడెవడు?"

అబ్బులు గ్రీజు డబ్బా వంక చూశాడు. తర్వాత కనకరాజు మొహం వంక చూశాడు. మిల్లు లారీలన్నీ ఆ షెడ్డుకే వస్తాయి మరి.

"ఆయ్, అవునండి. పాత ఉక్కు కదండి, కట్టలు నీరసపడిపోయాయండి. అవే రబ్బర్లని నలిపేశాయండి."

పిరికిపీనుగ. నన్నూ, కుడి పక్కనున్న నా జోడునీ విప్పేసి కొత్త కట్టలు, కొత్త రబ్బర్లు వేశాడు. నన్ను తుక్కులోకి మోసుకొస్తూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "నీకే రోగమూ లేదే. ఆయనకెవడు చెబుతాడే" అని గొణిగాడు. ఆ జాలి నాకెందుకు? ఆ మాటేదో అవతల నిలబడ్డ మనిషికి చెప్పి ఏడవొచ్చుగా.

ఆ మనిషి కారుని నిమురుతూ, "శుభమా అని కొత్తవి వేశాం, మొదటి గ్రీజు నేనే పెడతాను. డబ్బా ఇలా ఇవ్వరా" అన్నాడు.

అబ్బులు మూత తీసి మరీ అందించాడు.